ఫైలు మీద ‘ఉబ్బసం’ అని రాసింది నేనే: ఒక చెరువు కాపలాదారు కేసు

“మీరేమీ అనుకోనంటే ఒక మాట అడుగుతానండీ” అందామె. భర్త అప్పటికే లేచి వరండాలోకి వెళ్ళి దగ్గుతున్నాడు. “ఏడు నెలలైపోయిందండీ. కాకినాడ తీసుకెళ్ళి ఇంకొకళ్ళకి చూపించమంటారా?”

నేను అమలాపురం దగ్గర చాలా ఏళ్ళుగా జనరల్ ప్రాక్టీసు చేస్తున్నాను. ఈ ప్రశ్న అడగడానికి రోగులు ఎంత జంకుతారో నాకు తెలుసు. వాళ్ళిద్దరి అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. పేర్లూ ఊరూ చెప్పను. నా వల్ల జరిగిన ఆలస్యాన్ని మాత్రం దాచను.

మొదటిసారి వచ్చినప్పుడు

కార్తీక మాసంలో వచ్చాడు. వయసు 38, బరువు 56 కిలోలు. ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా ఉంటాడు. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోకుండా చూసుకోవాలి, కరెంటు పోతే జనరేటర్ వేయాలి. నిద్రంతా గట్టు మీద పాకలోనే. చుట్ట, బీడీ అలవాటు లేదు. నెల రోజులుగా దగ్గు, అదీ పగలు అంతంతమాత్రం. రాత్రి ఒంటిగంట దాటాక మొదలైతే మూడు, మూడున్నర దాకా కూర్చోబెట్టేస్తుంది. ఛాతీలో పిల్లికూతలు. మేనత్తకి ఉబ్బసం ఉండేదట. స్టెతస్కోపు పెడితే రెండు వైపులా కూతలు స్పష్టంగా వినపడ్డాయి.

“మా ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు ఇస్నోఫీలియా అన్నారండీ” అన్నాడు.

మా వైపు ఈ మాట తెలియని ఇల్లు లేదు. తుమ్ములొస్తే ఇస్నోఫీలియా, ముక్కు కారితే ఇస్నోఫీలియా, పిల్లాడు పొద్దున్నే దగ్గితే ఇస్నోఫీలియా. నిజానికి అది జబ్బు పేరు కాదు, రక్తంలో ఒక రకం తెల్లకణాలు పెరిగాయని చెప్పే మాట. జనం దాన్ని ఎంత విరివిగా వాడతారంటే, డాక్టర్లం దాన్ని పట్టించుకోవడం మానేశాం. ఆ రోజు నేనూ పట్టించుకోలేదు.

రక్తపరీక్ష చేయించాను. మొత్తం తెల్లకణాలు 9,400. వాటిలో ఇసినోఫిల్స్ 9 శాతం, అంటే లెక్క కడితే 846. మామూలుగా 500 లోపు ఉండాలి. ఉబ్బసం ఉన్నవాళ్ళలో ఈ మాత్రం పెరగడం మామూలే. రాత్రి దగ్గు, కూతలు, ఇంట్లో ఉబ్బసం, కొద్దిగా పెరిగిన ఇసినోఫిల్స్. ఫైలు మీద ఉబ్బసం అని రాశాను. బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్హేలర్ ఇచ్చి, ఐదు రోజులకి ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు కూడా రాశాను. వారంలో తేలికపడ్డాడు. తేలికపడ్డాడు కాబట్టి నేననుకున్నది నిజమేననుకున్నాను.

సంక్రాంతికి మళ్ళీ వచ్చాడు. శివరాత్రికి మళ్ళీ. మాత్రలు వాడినన్నాళ్ళూ బాగుండేది, ఆపిన రెండు వారాలకి మొదటికొచ్చేది. శివరాత్రికి టీబీ అనుమానంతో కఫం పరీక్ష రెండుసార్లు చేయించాను, రెండుసార్లూ లేదనే వచ్చింది. ఎక్స్‌రేలో గీతలు కొంచెం ఎక్కువగా ఉన్నాయని రిపోర్టు. వచ్చిన ప్రతిసారీ నా ఎదుటే ఇన్హేలర్ పీల్పించి చూశాను. పీల్చడం సులువయ్యేలా ఇన్హేలర్‌కి తగిలించే స్పేసర్ గొట్టం కూడా ఇప్పించాను. మా దగ్గర ఇన్హేలర్ పనిచేయడం లేదని వచ్చేవాళ్ళలో చాలామందికి పీల్చే పద్ధతి తెలియకపోవడమే కారణం. ఇతను మాత్రం తప్పు చేయడం లేదు. మందు లోపలికి వెళుతోంది, జబ్బు మాత్రం తగ్గడం లేదు. నేను అక్కడే ఆగి ఆలోచించాల్సింది. మందు మోతాదు పెంచి పంపించాను.

ఉత్తరం రాయబోతే

ఆమె ఆ మాట అడిగింది రోహిణీ కార్తె ఎండల్లో. అప్పటికి అతని బరువు 51 కిలోలకి దిగింది. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోంది. మృగశిర కార్తెకి హైదరాబాద్ వెళ్ళి చేపమందు వేయించుకుందామని అతని అన్నగారు రైలు టికెట్ల కోసం తిరుగుతున్నారట. అక్కడికి వెళ్ళడానికి ఎవరూ నన్ను అడగక్కర్లేదనుకున్నారు. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి మాత్రం నా అనుమతి కావాలనుకున్నారు. ఆ తేడా నన్ను చాలా బాధపెట్టింది. మన మీద గౌరవమే రోగిని కట్టిపడేస్తోందంటే, ఆ కట్టు విప్పాల్సింది మనమే.

“తప్పకుండా తీసుకెళ్ళండమ్మా. ఉత్తరం రాసిస్తాను” అన్నాను. మనసులో ఎక్కడో చివుక్కుమన్న మాట నిజం. కానీ లెటర్‌హెడ్ తీసి రాయడం మొదలుపెట్టాక దాని సంగతే మరిచిపోయాను.

మొదటి వాక్యం సులువుగానే వచ్చింది: 38 ఏళ్ళ మగవ్యక్తి, ఏడు నెలలుగా ఉబ్బసానికి మందు వాడుతున్నాడు. రెండో వాక్యం ఈ నిర్ధారణ దేని ఆధారంగా జరిగిందో చెప్పాలి. పెన్ను ఆగిపోయింది. ఊది చేసే స్పైరోమెట్రీ పరీక్ష లేదు. ఊదే వేగాన్ని కొలిచే పీక్‌ఫ్లో మీటర్‌తో రాసిన లెక్కలు లేవు. ఉన్నవల్లా కూతలు, మేనత్త, 9 శాతం. వాటితో ఉబ్బసాన్ని అనుమానించొచ్చు. ఏడు నెలల పాటు మందు నడిపించడానికి అవి చాలవు.

“పాత కాగితాలన్నీ తెచ్చారామ్మా?” అని అడిగాను.

ఆమె రొయ్యల మేత కవరొకటి బల్ల మీద బోర్లించింది. బిల్లులు, చీటీలు, అయిపోయిన మందుల అట్టలు, ఒక్కటి కూడా పారేయలేదు. వాటిలో పది గుంటలూ ఖాళీ అయిన ప్రెడ్నిసలోన్ అట్ట ఒకటి కనపడింది. అది నేను రాసింది కాదు. దానితో పిన్ను కొట్టి ఉన్న మెడికల్ షాపు బిల్లు మీద తేదీ చూశాను. నేను చేయించిన మొదటి రక్తపరీక్షకి రెండు రోజుల ముందుది. అంటే రక్తం తీసేనాటికే అతను స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నాడు. “ఏం మాత్రలు వేసుకున్నావు?” అన్న ఒక్క ప్రశ్న నేను అడగలేదు.

స్టెరాయిడ్ లోపలికి వెళితే ఇసినోఫిల్స్ సంఖ్య కొద్ది గంటల్లోనే పడిపోవడం మొదలవుతుంది. కాబట్టి నేను చూసిన 846 అతని అసలు సంఖ్య కాదు, మందు అణచిపెట్టగా మిగిలింది.

“ఆ మాత్రలు చివరిసారి ఎప్పుడు వేసుకున్నాడమ్మా?”

“మా చిన్నత్త గారింట్లో పెళ్ళికండీ. పన్నెండు రోజులైంది.”

అప్పటికప్పుడు రక్తం తీయించాను. గంటన్నరకి లాబ్ నుంచి ఫోను. “మిషన్ తప్పు చూపిస్తోందేమోనని స్లైడు వేసి చేత్తో కూడా లెక్కపెట్టానండీ” అన్నాడు టెక్నీషియన్. తెల్లకణాలు 16,800. ఇసినోఫిల్స్ 42 శాతం. లెక్క కడితే ఏడు వేలు దాటింది.

అప్పుడైనా పంపాలా?

ఆ అంకె చూడగానే గోదావరి జిల్లాల్లో పనిచేసే ఏ డాక్టరుకైనా ఒక జబ్బు గుర్తుకు రావాలి. ట్రాపికల్ పల్మనరీ ఇసినోఫిలియా. బోదకాలు తెచ్చే ఫైలేరియా క్రిములకి ఊపిరితిత్తులు అతిగా ఎదురు తిరగడం వల్ల వస్తుంది. రాత్రి దగ్గు, కూతలు, సన్నటి జ్వరం, బరువు తగ్గడం, 3,000 దాటిన ఇసినోఫిల్స్. అన్నీ సరిపోతున్నాయి. మందు నాకు తెలుసు, మా ఊళ్ళోనే దొరుకుతుంది. ఇక కాకినాడ ఎందుకు అన్న ఆలోచన ఒక నిమిషం వచ్చింది.

పంపడమే సరైనదని తేల్చుకున్నాను. ఇసినోఫిల్స్ ఇంతగా పెరగడానికి ఇంకా కారణాలున్నాయి. ఊపిరితిత్తుల్లో ఆస్పర్జిల్లస్ అనే బూజుకి వచ్చే అలర్జీ, పేగుల్లో కొన్ని రకాల పురుగులు, కొన్ని మందులు, అరుదుగా రక్తనాళాల జబ్బులు. పేగుల్లో స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు ఉన్నవాళ్ళకి తెలియక పదేపదే స్టెరాయిడ్ ఇస్తే అది ఒళ్ళంతా పాకి ప్రాణం మీదికి తెస్తుంది. తడి నేల మీద ఒట్టికాళ్ళతో తిరిగే ఊళ్ళలో పనిచేస్తూ, మూడుసార్లు ప్రెడ్నిసలోన్ రాసే ముందు నేను ఒక్కసారి కూడా మలపరీక్ష చేయించలేదు. ఒక పేరు పెట్టి ఏడు నెలలు దానికే కట్టుబడిపోయినవాణ్ణి, ఇంకో పేరు పెట్టి మళ్ళీ నేనొక్కణ్ణే దాని మీద నిలబడటం సబబుగా తోచలేదు.

ఉత్తరం మళ్ళీ రాశాను. నిర్ధారణ అన్న చోట ‘ఉబ్బసం అనుకున్నాను, ఆధారం చాలదు’ అని రాశాను. రెండు రక్తపరీక్షల అంకెలూ, వాటి పక్కన ఏ రోజు ఏ మందు మీద ఉన్నాడో రాశాను. ఎక్స్‌రే ఫిల్మే పట్టుకెళ్ళమన్నాను, రిపోర్టు కాగితం ఒక్కటీ చాలదని. పరీక్షయ్యే దాకా ప్రెడ్నిసలోన్ ముట్టుకోవద్దని, రోజూ పీల్చే ఇన్హేలర్ మాత్రం సొంతంగా మానేయవద్దని చెప్పాను. స్పైరోమెట్రీకి ముందు, ఊపిరి గొట్టాలని వెంటనే తెరిచే సాల్బుటమాల్ అయితే 4 నుంచి 6 గంటలు, అతను వాడే ఫార్మోటెరాల్ కలిసిన ఇన్హేలర్ అయితే ఒక రోజు ఆపమంటారు. అది కూడా ఆయాసం లేకపోతేనే, అక్కడి డాక్టరుతో ఫోనులో మాట్లాడాకే.

రెండో అభిప్రాయం అందరికీ అక్కర్లేదు. అదే వారంలో, ఇన్హేలర్ వాడుతున్నా తగ్గడం లేదంటూ ఒక టీచరమ్మ వచ్చింది. భర్త ఆమెని హైదరాబాద్ తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించాలని టెన్షన్ పడుతున్నాడు. ఆమెకి పీక్‌ఫ్లో మీటర్ ఇచ్చి రెండు వారాలు రాసుకు రమ్మన్నాను. పొద్దున 240, సాయంత్రం 310, దాదాపు రోజూ అదే తంతు. పెద్దవాళ్ళలో రోజుకి సగటున 10 శాతానికి మించి ఊగిసలాట ఉంటే అది ఉబ్బసాన్ని బలపరుస్తుంది. ఆమెది పాతిక శాతం దాకా ఉంది. మందు పనిచేయకపోవడానికి కారణం, అలవాటైపోతుందన్న భయంతో వారంలో మూడు రోజులే పీల్చడం. ఆమెకి కావలసింది ఇంకో డాక్టరు కాదు, ఆ భయం పోవడం. నాలుగు వారాలు రోజూ పీల్చాక ప్రయాణం మాట వాళ్ళే మానుకున్నారు.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు తేడా తెలిసింది. రోగికి డాక్టరు మీద నమ్మకం ఉందా లేదా అన్నదానితో ఈ నిర్ణయం తీసుకోకూడదు. పెట్టిన పేరుకి ఊది చూపించిన ఆధారం ఉందా, మందు సరిగ్గా రోజూ లోపలికి వెళ్ళాక కూడా తగ్గలేదా, ఉబ్బసంలో ఉండకూడనివి ఏమైనా కనపడుతున్నాయా? జ్వరం, బరువు తగ్గడం, కఫంలో రక్తం, కాళ్ళవాపు, వేళ్ళ గోళ్ళు ఉబ్బడం లాంటివి ఉంటే ఆలస్యం చేయనే కూడదు. కెనడాలో డాక్టర్లు ఉబ్బసమని చెప్పిన పెద్దవాళ్ళలో 613 మందిని మళ్ళీ పరీక్షించిన ఫలితాలు 2017లో వచ్చాయి. దాదాపు మూడోవంతు మందిలో ఇప్పుడు ఉబ్బసం లేదని తేలింది. మొదట్లో ఊపిరి పరీక్ష చేయకుండా పేరు పెట్టినవాళ్ళే వీళ్ళలో ఎక్కువ. అయితే కెనడా లెక్కని ఉన్నదున్నట్టు మనకి అన్వయించుకోలేం. మా దగ్గర దీనికి తలకిందులైన తప్పు కూడా రోజూ చూస్తాను. నిజంగా ఉబ్బసం ఉన్న పిల్లలకి ‘అలర్జీ దగ్గు’ అని పేరు పెట్టి ఏళ్ళ తరబడి టానిక్కులు తాగిస్తారు.

కాకినాడలో

ఎదుర్లంక వంతెన దాటి, యానాం మీదుగా వెళ్ళారు. ఛాతీ డాక్టరు నాకంటే చిన్నవాడు, ఓపిగ్గా చూశాడు. స్పైరోమెట్రీలో గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికొచ్చిన గాలి 2.21 లీటర్లు. సాల్బుటమాల్ పీల్పించి 15 నిమిషాలాగి మళ్ళీ ఊదిస్తే 2.31. పెరిగింది 100 మి.లీ., 5 శాతం కూడా కాదు. మేమంతా చాలాకాలంగా వాడుతున్న కొలత ప్రకారం ఉబ్బసమని బలంగా చెప్పాలంటే 12 శాతమూ పెరగాలి, 200 మి.లీ.కూ తగ్గకూడదు. ఆ ఒక్క పరీక్షలో పెరగనంత మాత్రాన ఉబ్బసం లేదనడానికి వీల్లేదు, బాగున్న రోజున ఉబ్బసం రోగి కూడా మామూలుగానే ఊదుతాడు. ఇతనిది అలా మామూలుగా లేదు. ఊపిరి గొట్టాల్లో ఇరుకు పెద్దగా లేదు, మొత్తం పట్టే గాలే తగ్గిపోయింది, 2.74 లీటర్లకి. ఇబ్బంది గొట్టాల కంటే ఊపిరితిత్తి లోపలే ఎక్కువగా ఉంది.

నేను గీతలనుకుని వదిలేసిన ఎక్స్‌రే ఫిల్మునే లైటు మీద పెట్టి, కింది భాగాల్లో ఆవగింజల్లాంటి సన్నటి చుక్కలు చూపించాడట. అలర్జీల్లోనూ పురుగుల జబ్బుల్లోనూ రక్తంలో పెరిగే ఐజీఈ 4,000 దాటింది. ఫైలేరియా యాంటీబాడీ పాజిటివ్. ఆస్పర్జిల్లస్ పరీక్ష నెగటివ్. మూడు రోజుల మలపరీక్షలో పురుగుల్లేవు. రాత్రిపూట తీసిన రక్తంలో ఫైలేరియా పిల్లలు కనపడలేదు. ఈ జబ్బులో అవి కనపడకపోవడమే మామూలు, ఊపిరితిత్తుల సన్నటి రక్తనాళాల్లోనే చిక్కుకుపోతాయి. ఒంట్లో జరిగే పోరాటమంతా అక్కడే. అందుకే కాళ్ళు వాచకుండానే దగ్గు వస్తుంది.

“మీరు అంకెల పక్కన మందుల తేదీలు రాయడం మంచిదైందండీ, లేకపోతే ఆ 846 చూసి నేనూ పొరబడేవాణ్ణి” అని ఆ రాత్రి ఫోను చేసి చెప్పాడు.

ఈ జబ్బుని గుర్తించి రాసిన తొలివాళ్ళలో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం టీబీ శానిటోరియం డాక్టరు ఫ్రిమాట్ మోలర్ ఒకరు. 1940లో ఆయన, బార్టన్ కలిసి ‘టీబీ లాంటిదే గానీ టీబీ కానిది, ఇసినోఫిల్స్ పెరిగేది’ అన్న అర్థంలో దీన్ని వర్ణించారు. మూడేళ్ళకి వైన్‌గార్టెన్ దానికి ట్రాపికల్ ఇసినోఫిలియా అని పేరుపెట్టాడు. మన తెలుగు నేల మీద గుర్తుపట్టిన జబ్బు. మెడికల్ కాలేజీలో చదివాను, పరీక్షల్లో రాశాను. రోగి నా ఎదుట కూర్చుని దాని పేరులో సగం తన నోటితోనే చెబితే వినిపించుకోలేదు.

మందు, ఆ తర్వాత

డైఇథైల్‌కార్బమజీన్. మా పెద్దవాళ్ళు హెట్రజాన్ అనేవారు. కిలో బరువుకి రోజుకి 6 మి.గ్రా. చొప్పున, 51 కిలోలకి 100 మి.గ్రా. మాత్ర రోజుకి మూడు, 21 రోజులు. మొదటి రోజుల్లో కొంచెం జ్వరం, వికారం రావచ్చని ముందే చెప్పాం. రెండో రోజు వచ్చాయి కూడా. ముందే చెప్పాం కాబట్టి మానలేదు.

తొమ్మిదో రోజు రాత్రి ఆమె ఫోను చేసింది. పదకొండు దాటింది. కంగారుగా ఎత్తాను. “ఏం లేదండీ, ఈయన నిద్రపోతున్నారు, అది చెబుదామని” అంది. ఆ రోజు కాపలాకి వెళ్ళకుండా ఇంట్లో పడుకున్నాడట. ఒంటిగంట దాకా మేలుకుని చూశానని పొద్దున చెప్పింది.

మూడు వారాలకి ఇసినోఫిల్స్ 1,480. మూడు నెలలకి 540. ఇన్హేలర్‌ని ఛాతీ డాక్టరు ఆరో వారంలో ఆపించాడు. ఆపాక రెండు వారాలు పీక్‌ఫ్లో రాయించాం. 420, 440 మధ్యే ఉంది, ఊగిసలాట 5 శాతం దాటలేదు. ఉబ్బసం అన్న మాటని ఫైలు మీద కొట్టేసి, పక్కన తేదీ వేసి సంతకం చేశాను.

ఊపిరితిత్తి పట్టే గాలి మాత్రం 3.05 దగ్గర ఆగింది. పూర్తిగా తిరిగి రాలేదు. ఈ జబ్బు ఎక్కువకాలం నడిస్తే లోపల మచ్చ మిగిలిపోవచ్చు. ఆ ఏడు నెలల్లో నా వాటా ఎంతో కొలిచే పరీక్ష లేదు. ఈ సంగతి వాళ్ళిద్దరికీ కూర్చోబెట్టి చెప్పాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “ఉత్తరం రాశారు కదండీ” అన్నాడు. కొందరికి ఇది తిరగబెడుతుంది, కాబట్టి రాత్రి దగ్గు మళ్ళీ వస్తే ఏ మాత్రా వేసుకోకుండా ముందు రక్తపరీక్షకి రమ్మన్నాను.

ఊళ్ళో ఏటా బోదకాలు మాత్రలు పంచుతారు. అతను ఒక్కసారీ వేసుకోలేదు. పంచేవాళ్ళు ఇంటికొచ్చే వేళకి చెరువు మీద ఉండేవాడట. కాపలా పాక పక్కనే మురుగు డ్రైను, రాత్రంతా బోదకాలు క్రిముల్ని మోసే క్యూలెక్స్ దోమలు. ఆరోగ్య కేంద్రానికి చెప్పాను. చెరువుల మీద పనిచేసేవాళ్ళకి సాయంత్రం పూట పాకల దగ్గరికే మాత్రలు తెస్తామన్నారు. దోమతెర నేనే ఇప్పించాను, గట్టు మీది గాలికి ఎగిరిపోకుండా అంచులు చాప కింద దోపుకోవాలని చెప్పి.

పోయిన వారం అదే చెరువుల మీద పనిచేసే ఇంకొకతను వచ్చాడు. రాత్రి దగ్గు, కూతలు. “నాకూ అదేనేమోనండీ” అన్నాడు. మొదట మందుల అట్టలు చూపించమన్నాను. ఏమీ వాడలేదు. రక్తం తీయించాం, ఇసినోఫిల్స్ 410. అమలాపురంలోనే ఊదించాం. 2.20 లీటర్లు కాస్తా సాల్బుటమాల్ తర్వాత 2.51 అయింది. 310 మి.లీ., 14 శాతం. ఇతనికి ఉబ్బసమే. ఇన్హేలర్ రాసి, నా ఎదుటే రెండుసార్లు పీల్పించి, ఆ రెండు అంకెలూ చీటీ మీద ఎర్ర పెన్నుతో రాసి అతని చేతికిచ్చాను. ఎవరికైనా చూపించుకోవాలనిపిస్తే ఇది కూడా పట్టుకెళ్ళమన్నాను.